కొండ, కోనేరు, కావడి: సాహిత్యంలో ప్రతీకను గుర్తుపట్టడం



ఆడికృత్తిక వచ్చిందంటే చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు నుంచి తిరుత్తణికి వెళ్ళే దారులన్నీ కావళ్ళతో నిండిపోతాయి. పసుపు బట్టలు, భుజం మీద పూలు చుట్టిన కావడి, నోట అరోహరా. ఈ దృశ్యం మీకు కొత్తది కాదు. మీలో చాలామంది కావడి మోసినవాళ్ళే అయి ఉంటారు. కావడి అంటే అసలు ఏమిటి? ఒక బద్ద, దానికి రెండు చివర్లా బరువు. మన ఊళ్ళల్లో నీళ్ళు మోసుకోవడానికి, పాలు పెరుగు అమ్ముకోవడానికి వాడిన పనిముట్టు. తిరుత్తణికి పోయే కావడిలో మాత్రం మోయాల్సినంత బరువు ఉండదు. పూలుంటాయి, చిన్న పాల చెంబులుంటాయి. అవి చేత్తో పట్టుకుపోవచ్చు. అయినా కావడే కట్టాలి, భుజం మీదే మోయాలి.

వస్తువు తన మామూలు పని మానుకుంది. మానుకున్నా దాన్ని ఎవరూ వదిలిపెట్టడం లేదు. పైగా ముందుకంటే ఎక్కువ జాగ్రత్తగా చూసుకుంటున్నారు. ఇలాంటిది ఎక్కడ కనిపించినా అక్కడ ప్రతీక ఉందేమోనని అనుమానించవచ్చు. కథలోనైనా, పద్యంలోనైనా, పాటలోనైనా ఈ అనుమానమే మొదటి మెట్టు.

కావడి వెనుక ఇడుంబుడి కథ ఉంది. అగస్త్యుడు రెండు కొండల్ని దక్షిణానికి తీసుకురమ్మన్నాడు. ఇడుంబుడు వాటిని బద్దకు రెండు వైపులా కట్టి భుజాన వేసుకుని బయలుదేరాడు. పళని దగ్గర అలసట తీర్చుకోవడానికి దించాడు. మళ్ళీ ఎత్తబోతే కదల్లేదు. చూస్తే కొండ మీద ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. పోట్లాట జరిగింది, ఇడుంబుడు పడ్డాడు, పిల్లవాడి దయవల్ల మళ్ళీ లేచాడు. తనలాగా కావడి మోసుకొచ్చేవాళ్ళని కాపాడమని వరం అడిగాడు. అంటే మీ భుజం మీద ఉన్న ఆ పూల కావడి నిజానికి రెండు కొండలు. కొండ ఎక్కడానికి వెళ్ళే మనిషి కొండనే మోసుకుంటూ వెళుతున్నాడు. మన వైపు తత్వాలు పాడేవాళ్ళు ఇదే కావడిని మనిషి ఒంటికి పోలికగా పట్టుకున్నారు. వస్తువు ఒకటే. తమిళ కథలో అది మొక్కు, తెలుగు తత్వంలో అది దేహం.

ఇక్కడ ఒక తేడా చెప్పి ముందుకు పోతాను. పోలికకీ ప్రతీకకీ భేదం ఉంది. ముఖం చంద్రుడిలా ఉంది అన్నప్పుడు ముఖమూ ఉంది, చంద్రుడూ ఉన్నాడు, మధ్యలో 'లా' అనే వంతెనా ఉంది. ప్రతీకలో ఆ వంతెన కనబడదు. ఒక్క వస్తువే మన ముందు ఉంటుంది. రెండోది ఏమిటన్నది మనం తెచ్చుకోవాలి. అందుకే ప్రతీకను ఒకరు ఒకలా, మరొకరు మరోలా చదవడానికి వీలు ఉంటుంది. పేచీలూ అక్కడే వస్తాయి.

తిరుత్తణి స్వామినే తీసుకోండి. కృష్ణా జిల్లా మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు పాము చుట్టల మీద లింగరూపంలో ఉంటాడు. తెలుగునాట ఎక్కువ ఊళ్ళల్లో సుబ్బరాయుడంటే నాగేంద్రుడే. మార్గశిర శుద్ధ షష్ఠి నాడు పుట్టలో పాలు పోస్తాం, సంతానం కోసం మొక్కుకుంటాం, పుట్టిన పిల్లలకి సుబ్బారావనో సుబ్బమ్మనో పేరు పెడతాం. తమిళ దేశంలో ఆ దేవుడే వేలాయుధం పట్టిన కుర్రవాడు, కొండల దొర, నెమలి ఎక్కి తిరిగేవాడు. ఆ నెమలి కాళ్ళ కింద పాము ఉంటుంది! ఒక భాషలో దేవుడు పాము, పక్క భాషలో దేవుడి వాహనం పామును తొక్కిపట్టే పక్షి. సరిహద్దులో ఉన్న ఇంటి వాళ్ళు రెండింటికీ మొక్కుతారు. పుట్టకు పాలు పోసిన చేత్తోనే కావడి కడతారు. ఏది సరైన అర్థం అని వాళ్ళెప్పుడూ తగువు పడినట్టు లేదు. నన్నడిగితే ప్రతీకలను చదవడంలో పండితుల కన్నా వాళ్ళే తెలివైనవాళ్ళు.

ప్రతీకలకు ఒక వ్యాకరణం కట్టినవాళ్ళు ప్రాచీన తమిళులు. తొల్కాప్పియం చెప్పిన తిణై పద్ధతి అది. కొండ సీమ కురింజి, అక్కడ ప్రేమికుల కలయిక. అడవి, పచ్చిక బయళ్ళు ముల్లై, అక్కడ ఓపికతో ఎదురుచూపు. పంటపొలాలు మరుదం, అక్కడ అలక. సముద్రతీరం నెయ్దల్, అక్కడ దుఃఖం. ఎండిన బీడు పాలై, అక్కడ ఎడబాటు. ఒక్కొక్క సీమకీ ఒక పువ్వు, ఒక పొద్దు, ఒక పక్షి, ఒక దేవుడు. కురింజికి సేయోన్, అంటే మురుగన్. ముల్లైకి మాయోన్, అంటే విష్ణువు. కవి కొండ పువ్వు పేరు చెప్పాడంటే చాలు, ప్రేమ అనే మాట పలకక్కర్లేదు. విన్నవాడికి తెలిసిపోతుంది.

ఇందులో మన చెవికి ఒక చిక్కు ఉంది. తమిళంలో తిణై అంటే ఈ సీమల పద్ధతి. తినై అంటే కొర్రలు. 'ణ' వేరు, 'న' వేరు. మురుగన్ రెండో భార్య వల్లి కొర్ర చేను కాస్తూ, పిట్టల్ని తోలుతూ ఉండగా ఆయన వేటగాడి వేషంలో వచ్చి ప్రేమించాడని కథ. వల్లి పుట్టినచోటు తిరుత్తణికి పడమరగా, పొన్నై దగ్గర ఉన్న వళ్ళిమలై అంటారు. పెళ్ళి తిరుత్తణిలో జరిగిందంటారు. కొండ, కొర్రచేను, పిట్టలు తోలే ఎరుకల పిల్ల: ఇవన్నీ కురింజి సామాను. కథను పూర్తిగా నమ్మేవాడికి అది దేవుడి పెళ్ళి. పద్ధతి తెలిసినవాడికి అది ప్రాచీన ప్రేమ కవిత్వం నడిచి వచ్చి గుడిలో నిలబడిన తీరు. వేదాంతం చదివినవాడికి వల్లి ఇచ్ఛాశక్తి, దేవసేన క్రియాశక్తి, చేతిలోని వేలు జ్ఞానశక్తి. మూడు చదువులూ ఒకదాన్నొకటి కొట్టెయ్యవు. కాని వరుస ముఖ్యం. ముందు వల్లిని కొర్రచేను కాసే పిల్లగా చూడాలి. ఆమె చేతిలో వడిసెల కనిపించాలి. అది కనిపించకుండానే ఇచ్ఛాశక్తి దగ్గరికి దూకేసేవాడికి చివరికి మాట ఒక్కటే మిగులుతుంది, పిల్ల మాయమైపోతుంది.

మన వైపు ఇలాంటి పద్ధతి లేదా అంటే, ఉంది. శాతవాహన రాజు హాలుడి పేర ఉన్న గాథాసప్తశతిలో, ప్రాకృత గాథల్లో, గోదావరి ఒడ్డు పొదలు ఊరికే పొదలు కావు. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతం చెబుతూ ఆ గాథల్లోంచి ఒకదాన్ని తీసుకున్నాడు. ఒకామె పూలు కోసుకునే భక్తుడితో చెబుతోంది: నువ్వు ఇక్కడ హాయిగా తిరగవచ్చు, నిన్ను భయపెట్టే కుక్కను గోదావరి గట్టు పొదలో ఉండే సింహం చంపేసింది అని. పైకి రమ్మంటోంది. లోపల రావద్దంటోంది. కుక్కకు భయపడేవాడు సింహం ఉందంటే వస్తాడా? ఆ పొద ఆమె తన ప్రియుణ్ణి కలుసుకునే చోటు. ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎందుకు మాట్లాడుతున్నారు అన్నది తెలియకపోతే ఈ గాథ కుక్క చావు వార్తగా మిగిలిపోతుంది. ప్రతీకను పట్టుకోవడానికి నిఘంటువు కన్నా ఈ ప్రశ్నలే ఎక్కువ పనికొస్తాయి.

ఇప్పుడు మన ప్రాంతపు చరిత్రలోకి వస్తాను. ప్రతీకను తప్పుగా చదివితే ఒక పద్యం చెడుతుంది, అంతేగదా అనుకుంటాం. మన జిల్లాల్లో అంతటితో పోలేదు.

తొల్కాప్పియానికి పనంపారనార్ రాసిన పాయిరంలో, అంటే ముందుమాటలో, తమిళం మాట్లాడే లోకానికి ఉత్తరాన వేంకటం, దక్షిణాన కుమరి హద్దులని ఉంది. సిలప్పదికారంలోనూ విష్ణువు కొండ, కుమరి సముద్రం తమిళనాటి ఎల్లలుగా వస్తాయి. దేశం విడిపోయే రోజుల్లో ఈ పంక్తులు సభల్లోకి వచ్చాయి. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తిరుత్తణి అప్పుడు చిత్తూరు జిల్లాలో ఉంది. అంతకుముందు అది కార్వేటినగరం జమీందారీ సీమ. తెలుగువాళ్ళు మద్రాసు మనదే అన్నారు. తమిళులు వేంకటం మాది, తిరుపతీ తిరుత్తణీ మావి అన్నారు. ఉత్తర సరిహద్దు ఉద్యమానికి ముందు నిలిచినవారు మ.పొ. శివజ్ఞానం. 1906లో పుట్టి 1995లో కన్నుమూసిన ఈయనకు 'సిలంబుచ్చెల్వర్' అని బిరుదు. సిలప్పదికారాన్ని ఊరూరా తిరిగి జనానికి వివరించి చెప్పినందుకు వచ్చిన పేరది. అంటే ఉద్యమ నాయకుడే సాహిత్య వ్యాఖ్యాత కూడా. ఆయన చేతిలో వేంకటం అనే మాట కావ్యంలోంచి నేరుగా మ్యాపు మీదికి నడిచింది.

ఆ నిజాయితీని నేను శంకించడం లేదు. కాని ఆ కొండ ఆ కవిత్వంలో ఏం పని చేస్తోందో చూడాలి. అకనానూరులో మామూలనార్ వంటి కవుల పాటల్లో వేంకటం పేరు వస్తుంది. పుల్లి అనే దొర కొండగా వస్తుంది. ఆ పాటలు ఎక్కువగా పాలై పాటలు, ఎడబాటు పాటలు. ప్రియుడు సంపాదన కోసం వేంకటం దాటి, భాష మారిపోయే దేశాలకు వెళ్ళాడు. ఇంట్లో ప్రియురాలు దూరాన్ని తలుచుకుని కుమిలిపోతోంది. అక్కడ ఆ కొండ సర్వేరాయి లాంటిది కానేకాదు. మనిషి వెళ్ళిపోయిన దూరానికి కొలత అది. అవతల వేరే భాష ఉందన్న మాట కూడా ఆమె బెంగలో భాగమే: అక్కడ ఆయన మాట ఎవరికి అర్థమవుతుంది, ఆయనకు ఎవరి మాట అర్థమవుతుంది అని. ఆ పాటల్ని భూమి పత్రాలుగా చదివితే ఆమె కన్నీరు ఇంకిపోతుంది.

తెలుగువాళ్ళం మనం మాత్రం తక్కువ తిన్నామా? తెలుగు అన్న మాట త్రిలింగం నుంచి వచ్చిందని మనకొక పాత నమ్మకం. కాళహస్తి, శ్రీశైలం, ద్రాక్షారామం మధ్యనున్నదే తెలుగుదేశమని చెప్పుకున్నాం. కాకతి ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసేనాటికే ఈ ఊహ ఉంది. మూడు శివలింగాలు కాపాడే నేల అనే ఆ మాట అందమైన ప్రతీక. దాన్ని గొలుసు పట్టుకుని కొలిచామనుకోండి, కాళహస్తికి దక్షిణాన ఉన్న చిత్తూరు, నగరి, పుత్తూరు, తిరుత్తణి అన్నీ తెలుగుదేశం బయట పడతాయి. తమిళ పంక్తినీ అలాగే కొలిస్తే వేంకటానికి దక్షిణాన ఉన్న ఆ ఊళ్ళన్నీ తమిళదేశం లోపల పడతాయి. ఒక ఇంట్లో అమ్మతో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడే మన సీమ సంగతి ఈ రెండు ప్రతీకలకీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ వాటికి లేదు. అవి ఆ పని కోసం పుట్టినవి కావు.

పైగా ఒకరికి హద్దయిన కొండ మరొకరికి నడిబొడ్డు కావచ్చు. తాళ్ళపాక అన్నమాచార్యులకు వేంకటం ఏ దేశానికీ చివర కాదు. 1503లో కన్నుమూసేదాకా ఆయన లోకమంతా ఆ కొండ చుట్టూనే తిరిగింది. తమిళంలో పాడిన ఆళ్వార్లకు కూడా అది నడిబొడ్డే. తమిళ సాహిత్యంలోనే వేంకటం ఒకచోట ఎల్ల, మరోచోట ఇల్లు. తగువులో మాత్రం ఎల్ల ఒక్కటే మిగిలింది.

చివరికి తగువు తీర్చింది కావ్యాలు కావు. మధ్యవర్తిగా వచ్చిన హెచ్.వి. పాటస్కర్ గ్రామాన్ని ఒక లెక్కగా తీసుకున్నారు. ఊళ్ళో ఎక్కువమంది ఏ భాష, ఆ ఊరు ఏ పక్క ఊళ్ళకి ఆనుకుని ఉంది అని చూశారు. 1959లో పార్లమెంటు సరిహద్దు మార్పుల చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు వైపు ఊళ్ళు మద్రాసు రాష్ట్రంలో కలిశాయి. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల నుంచి కొన్ని ఊళ్ళు ఆంధ్రకు వచ్చాయి. ఇప్పటి తిరుపతి జిల్లాలోని సత్యవేడు సీమ ఆ లెక్కలోదే. తిరుపతి ఆంధ్రలోనే ఉండిపోయింది. తిరువళ్ళూరు జిల్లా 1997లో చెంగల్పట్టు నుంచి విడిపోయింది, తిరుత్తణి అందులో ఉంది. చట్టం వెనక ఉన్న జాబితాలో ఊళ్ళ పేర్లున్నాయి. ఆ ఊళ్ళల్లో కొన్నిట మేనత్త ఇల్లు అటు, మేనమామ ఇల్లు ఇటు అయ్యాయి.

తిరుత్తణి గురించి ఇంకో ముచ్చట. నక్కీరర్ రాసిన తిరుమురుగాట్రుప్పడైలో మురుగన్ నివాసాలు ఆరు. వాటిలో ఒకదాని పేరు 'కున్రుతోరాడల్'. అంటే ప్రతి కొండ మీదా ఆడటం అని అర్థం. కొండజాతివాళ్ళు గుమిగూడి ఆడుతుంటే దేవుడు వాళ్ళతో చేయి కలిపి ఆడతాడని కవి వర్ణించాడు. ఏదో ఒక ఊరి పేరు చెప్పే మాట కాదది, ఏ కొండైనా కావచ్చునని చెప్పే మాట. తర్వాతి సంప్రదాయం ఆ ప్రతి కొండనూ ఒక్క కొండగా చేసింది. అదే తిరుత్తణి. యాత్రకు వెళ్ళాలంటే మనిషికి ఒక ఊరు కావాలి, ఒక దారి కావాలి. తప్పు పట్టలేం. కాని తిరుత్తణి మెట్లెక్కుతూ, ఈ కొండ పేరు అసలు ప్రతి కొండ అని గుర్తుకొస్తే ఆ చూపు వేరుగా ఉంటుంది.

మెట్లంటే గుర్తొచ్చింది. తిరుత్తణి మెట్లు 365 అనీ, ఏడాదికి ఉన్న రోజులకు గుర్తనీ అందరూ చెబుతారు. వళ్ళిమలై సచ్చిదానంద స్వామి 20వ శతాబ్దం తొలి దశకాల్లో మెట్ల పండగ మొదలుపెట్టారు. డిసెంబరు 31న ఒక్కో మెట్టుకీ ఒక్కో పాట పాడుతూ అరుణగిరినాథుడి తిరుప్పుగళ్‌తో కొండ ఎక్కుతారు. దొరలకు నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పడానికి పోయే రోజుల్లో, ఆ పొద్దున్నే దేవుడి మెట్లు ఎక్కమన్నారు ఆయన. ఇక్కడ మెట్టుకి రోజు అనే అర్థం ఆచారం వల్ల బలపడింది. కాబట్టి దాన్ని కాదనలేం. కాని గమనించండి, 365 అన్నది సూర్యుణ్ణి బట్టి కొలిచే ఏడాది. ఉగాదికి ఉగాదికి మధ్య మన చాంద్రమానంలో మామూలు ఏడాదికి 354 రోజులే వస్తాయి. మన పంచాంగంతో చూసేవాడికి ఆ లెక్క కుదరదు. అంకెలు ఎక్కడ పడితే అక్కడ ప్రతీకలుగా దొరుకుతాయి. పద్యంలో ఏడు గుర్రాలు వస్తే ఏడు రోజులు, ఐదు వేళ్ళు వస్తే పంచభూతాలు. ఇలా పోతే ఆగే చోటు లేదు. అంకెను ప్రతీక అనాలంటే పాటలోనో ఆచారంలోనో దానికి ఇంకొక సాక్ష్యం ఉండాలి.

అతిగా చదవడం గురించి చెప్పేటప్పుడు కార్వేటినగరం సారంగపాణి పదాల్ని మరిచిపోకూడదు. వేణుగోపాలుడి ముద్రతో ఆయన రాసిన పదాల్లో నాయికలు, సఖులు, బజారు మాటలు, గడుసు చమత్కారాలు ఉంటాయి. క్షేత్రయ్య పదాలకైనా, సారంగపాణి పదాలకైనా నాయిక అంటే జీవాత్మ, గోపాలుడంటే పరమాత్మ అని మొత్తంగా ఒక తాళంచెవి తగిలించడం మనకు అలవాటైపోయింది. 20వ శతాబ్దంలో దేవదాసీల నాట్యం మీద నింద పడినప్పుడు, ఆ పదాల్ని కాపాడాలనే సదుద్దేశంతో చాలామంది ఈ తాళంచెవినే వాడారు. కొన్ని పదాలకి అది చక్కగా సరిపోతుంది. కొన్నింటికి పెడితే తాళం విరుగుతుంది. రాత్రి ఎక్కడికి పోయావని నిలదీసే ఆడమనిషి కోపాన్ని ముందు కోపంగా వినాలి. ఆ కోపంలో పదునుంటే, వేదాంతం కావాలనుకునేవాడికి అదీ దొరుకుతుంది. పదును లేకపోతే ఏ వేదాంతమూ దాన్ని బతికించలేదు.

తిరువళ్ళూరుకి వద్దాం. వీరరాఘవస్వామి అక్కడ పడుకుని ఉంటాడు. శాలిహోత్రుడనే ముని ఉపవాసం చేసి, వండుకున్నదాన్ని వచ్చిన ముసలి అతిథికి పెట్టాడు. అతిథి ఇంకా ఆకలన్నాడు, తన వంతు కూడా పెట్టేశాడు. తిన్న తర్వాత ముసలాయన అడిగాడు: పడుకోవడానికి చోటేది? ముని తన గుడిసె చూపించాడు. ఆ ముసలాయనే స్వామి. 'ఎవ్వుళ్', అంటే ఏ లోపలి చోటు అన్న ఆ ప్రశ్నే ఊరి పేరయిందని స్థలపురాణం. తిరుమళిసై ఆళ్వారు, తిరుమంగై ఆళ్వారు ఈ స్వామిని పాడారు. వేదాంత దేశికులు సంస్కృతంలో స్తోత్రం చేస్తూ ఆ పేరును కింగృహేశుడన్నారు. కిం గృహం, ఏ ఇల్లు? తమిళ ప్రశ్న సంస్కృతంలోకి వచ్చినా ప్రశ్నగానే మిగిలింది. జవాబు చెప్పి ముగించలేదు. నాకు ఇది చాలా నచ్చుతుంది. దేవుడు ఎక్కడ ఉంటాడని మనిషి అడగడం మనం ఎప్పుడూ వినేదే. ఇక్కడ దేవుడే నాకు చోటెక్కడని అడుగుతున్నాడు. కథ పూర్తయినా ఒక వాక్యం మనల్ని వదలకుండా వెంట వస్తే, ఆ వాక్యంలో ప్రతీక ఉందని నమ్మవచ్చు.

ఆ ఊరి కోనేటి పేరు హృత్తాపనాశిని, గుండె మంట తీర్చేది. అమావాస్య రోజుల్లో వచ్చే జనం కోనేట్లో బెల్లం వేస్తారు. బెల్లం కరిగినట్టు రోగం కరగాలని మొక్కు. చదువు లేని ముసలమ్మకి కూడా ఈ ప్రతీక ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. కరగడం కంటికి కనిపిస్తుంది. కంటికి కనిపించే పని ఏదీ లేకుండా, పుస్తకంలో మాత్రమే అర్థం ఉన్న ప్రతీక ఎక్కువ కాలం నిలవదని ఈ బెల్లం ముక్క చెబుతోంది.

ఈ కొండ నుంచే సంగీతంలోకి వెళ్ళిన ప్రతీక ఒకటుంది. ముత్తుస్వామి దీక్షితులు తిరుత్తణిలో ఉండగా ఒక ముసలాయన నోరు తెరవమని కలకండ ముక్క పెట్టి మాయమయ్యాడనీ, అప్పుడు మాయామాళవగౌళలో మొదటి కృతి పుట్టిందనీ సంప్రదాయం. అక్కడి నుంచి ఆయన ముద్ర 'గురుగుహ'. గుహుడు కుమారస్వామి పేరు. గుహ అంటే కొండ బిలం. ఉపనిషత్తుల్లో హృదయాన్ని గుహ అన్నారు. గురువు, దేవుడు, కొండ, గుండె: నాలుగూ నాలుగు అక్షరాల్లో సర్దుకున్నాయి. ముద్ర అంటే కవి సంతకం. దీక్షితుల సంతకంలో మాత్రం కవి ఎక్కడా కనబడడు. ఆ కృతులను స్వరలిపితో సహా సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'గా 1904లో ఎట్టయాపురంలో అచ్చు వేయించారు. ఆ మహాగ్రంథం తెలుగులో ఉంది. తమిళదేశపు దక్షిణ కొసన, తెలుగు లిపిలో, తిరుత్తణి కొండ దగ్గర పుట్టిన సంస్కృత ముద్ర! సరిహద్దు గీసేవాడు ఈ పుస్తకాన్ని ఏ వైపు పెడతాడు?

తిరుత్తణిలో 1888 సెప్టెంబరు 5న పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తొలినాటి పుస్తకాల్లో ఒకటి రవీంద్రుడి తత్వం మీద రాసినది. 1918లో వచ్చింది. ఠాకూరు కవిత్వంలో ఆయన వేదాంతాన్ని చూశారు. అలా చూడవచ్చు. కాని ప్రతీక ఎంత దూరం పోగలదో ఆ ఠాకూరు నాటకమే ఒకటి చూపించింది. 'డాక్‌ఘర్'లో జబ్బుపడిన పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చుని రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు. 1942 జులైలో, వార్సాలో యూదుల్ని బంధించిన వాడలో, యానుష్ కోర్చాక్ తన అనాథ పిల్లలతో ఆ నాటకం వేయించాడు. కొన్ని వారాలకే ఆ పిల్లల్నీ ఆయన్నీ చావు శిబిరానికి తరలించారు. ఆ రోజు అక్కడ రాజుగారి ఉత్తరం ఏమిటో ఏ వ్యాఖ్యానం లేకుండానే ప్రేక్షకులకు తెలిసి ఉంటుంది. బెంగాలీ కవి దాన్ని వాళ్ళ కోసం రాయలేదు. అయినా అది వాళ్ళదైంది.

ఇదంతా మన పిల్లల విషయంలో ఎందుకు ముఖ్యమంటే, తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు తెలుగు ఇళ్ళల్లోని పిల్లలు బడిలో తమిళం చదువుతున్నారు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత అది తప్పనిసరి కూడా. తమిళం రావడం నష్టం కాదు. వేంకటం దాటి పోయిన ప్రియుడి కోసం ఏడ్చే పాట వాళ్ళకు నేరుగా అందుతుంది. కాని ఇంట్లో తెలుగు అక్షరాలు పోతే, ఆ వేంకటమే అన్నమయ్యకు ఇల్లు అన్న సంగతి అందదు. కొండ సగమే కనబడుతుంది. చిత్తూరు వైపు పిల్లలకి మిగతా సగమే కనబడుతుంది. వేసవి సెలవుల్లో ఇటు పిల్లలు అటూ, అటు పిల్లలు ఇటూ బంధువుల ఇళ్ళకి పోతుంటారు గదా, అమ్మమ్మ దగ్గర కావడి కథ ఒకసారి రెండు భాషల్లోనూ చెప్పించుకోమనండి.

తిరుత్తణి పేరు గురించి ఒక మాట మిగిలింది. సూరపద్ముడితో యుద్ధం, ఆ తర్వాత వల్లి కోసం వేటగాళ్ళతో పోట్లాట అయ్యాక మురుగన్ కోపం చల్లారిన చోటు కాబట్టి ఇది తణిగై అయిందంటారు. తమిళంలో తణి అంటే చల్లారడం. మన తనివి, తనుపు అనే మాటలు దానికి దగ్గరి చుట్టాలు. స్కంద షష్ఠికి మురుగన్ క్షేత్రాల్లో సూరసంహారం చేస్తారు, అసురుడి తల నరికే వేడుక జరుగుతుంది. తిరుత్తణిలో ఆ వేడుక లేదు. ఆ రోజు స్వామికి బుట్టల కొద్దీ పూలు పోస్తారు.